మేత మానిన పశువు కడుపులో ఇనుప తీగ: గుర్తించడం నుంచి తీయించడం దాకా

నిన్న సాయంత్రం దాకా బకెట్ నిండా పాలిచ్చిన బర్రె ఈ పొద్దున గాడిలో మూతి పెట్టదు. పాలు సగానికి పడిపోతాయి. నడుము పైకి లేపి, ముందుకాళ్ల మోచేతులు పక్కలకు పెట్టి, కదలకుండా నిలబడుతుంది. తెలంగాణ సరిహద్దున మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల తెలుగు ఇళ్లలో ఇలాంటి పశువుకు తరచుగా మొదట పడేది గొట్టంతో నూనె, ఆ తర్వాత డొక్క మీద వాత. "అరుగుతలేదు సాబ్, ఒక సూది ఏసిపోండి" అని నాలుగో రోజునో ఐదో రోజునో కబురు వస్తుంది. అప్పటికే తీగ మొన పొట్ట గోడ దాటి ఉండొచ్చు. తీగ మింగిన పశువు బతుకు చాలావరకు మొదటి మూడు రోజుల్లో మనం చేసే పని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ మూడు రోజులు చేజారకూడదనే ఇది రాస్తున్నాను. పాలమ్ముకునేవాళ్లకు, ఎడ్లతో సేద్యం చేసేవాళ్లకు, ఊళ్లో పశువుల మంచిచెడ్డలు చూసే పిల్లలకు ఇది పనికిరావాలి.

## ఇనుము ఎక్కడ ఆగుతుంది, ఎందుకు గుచ్చుకుంటుంది

ఆవు, బర్రె మేతను పెదవులతో ఏరుకోవు. నాలుకతో చుట్టి లాగి, కొద్దిగా నమిలి మింగేస్తాయి. అసలు నమలడమంతా తీరిగ్గా నెమరు వేసేటప్పుడే. చొప్పలో రెండంగుళాల బైండింగ్ తీగ ఉన్నా ఆ తొందరలో నోటికి తెలియదు. మేక పెదవులతో ఏరి తింటుంది కాబట్టి మేకల్లో ఈ జబ్బు అరుదు.

మింగిన ఇనుము బరువు కొద్దీ కిందికి దిగి, పెద్ద పొట్టకు ముందున్న రెండో పొట్టలో పడుతుంది. దీని లోపలి గోడంతా ఆరు పలకల గళ్లుంటాయి, అందుకే తేనెపట్టు పొట్ట అంటారు. ఆ గళ్లలో మొన చిక్కుకుంటుంది. ఈ పొట్ట దాదాపు నిమిషానికోసారి గట్టిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా మొన ఇంకాస్త లోపలికి దిగుతుంది. గోడకు ముందున్నది ఛాతీని, కడుపును వేరుచేసే డయాఫ్రమ్ పొర. దాని అవతల కొద్ది సెంటీమీటర్లలోనే గుండె. ఒక పక్క కాలేయం, ఇంకో పక్క ప్లీహం. మొన ఎటు పోతే అటు పేడలోని క్రిములను మోసుకుపోతుంది, అక్కడ చీము పడుతుంది.

గుండ్రటి నట్టు, నాణెం, గులకరాయి ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా అక్కడే పడి ఉండొచ్చు. మేకు, సూది, తీగముక్క అలా కాదు. అవి కూడా మింగిన రోజే బయటపడాలని లేదు. నెలల తరబడి ఊరుకుని, చూడి నిండాక గర్భసంచి పెద్ద పొట్టను ముందుకు తోసినప్పుడు, ఈనేటప్పుడు ముక్కినప్పుడు, ఎద్దు బరువు బండి లాగినప్పుడు ఒక్కసారిగా గుచ్చుకుంటాయి. "మా ఇంట్ల తీగెలే లేవు" అని రైతు అంటే ఆ మాట నిజమే కావచ్చు. తీగ పోయిన ఎండాకాలంలో, వేరే ఊళ్లో, వేరే యజమాని దగ్గర మింగినదై ఉండొచ్చు. సంతలో కొన్న పశువైతే ఈ సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

## మొదటి రోజు ఇంటి దగ్గరే చూడాల్సినవి

ముందు నూనె సీసా పక్కన పెట్టండి. జబ్బు పశువు తల ఎత్తిపట్టి గొట్టంతో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. అప్పుడు తీగ జబ్బుకు తోడు న్యుమోనియా వస్తుంది. వాత కూడా వద్దు. దాని నొప్పి అసలు నొప్పిని కప్పేస్తుంది, డాక్టరుకు పరీక్షలో ఏదీ తేలదు.

తర్వాత కాస్త దూరంగా నిలబడి పావుగంట చూడండి. తీగ గుచ్చుకున్న పశువు నడుము వంపుగా పైకి లేచి ఉంటుంది. మోచేతులు ఛాతీకి ఆనకుండా బయటికి పెడుతుంది. పడుకోవడానికి వెనకాడుతుంది, పడుకునేటప్పుడో లేచేటప్పుడో మూలుగుతుంది. పేడ వేసేటప్పుడు, ఉచ్చ పోసేటప్పుడు కూడా మూలుగు వినిపించవచ్చు. పేడ కొంచెం కొంచెంగా, గట్టిగా పడుతుంది. నడిపిస్తే అడుగులు బిగబట్టి వేస్తుంది. మిట్ట ఎక్కుతుంది కానీ పల్లం దిగమంటే మొండికేస్తుంది, ఎందుకంటే దిగేటప్పుడు కడుపు బరువంతా ముందుకు వచ్చి మొన మీద పడుతుంది. కిన్వట్, మాహూర్ వైపు గుట్టల మీద మేసే పశువుల్లో కాపర్లు ముందుగా కనిపెట్టే గుర్తు ఇదే.

ఆ తర్వాత మూడు కొలతలు తీసుకోండి. ఏ పశువుల ఇంట్లోనైనా ఒక థర్మామీటర్ ఉండాలి. మలద్వారంలో పెట్టి చూస్తే మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. తీగ గుచ్చుకున్న తొలి రోజుల్లో 103, 104 దాకా పెరగవచ్చు. రెండోది నెమరు పొట్ట, అంటే పెద్ద పొట్ట కదలిక. ఎడమ డొక్క గుంటలో పిడికిలి నొక్కి పెట్టి గడియారం చూడండి. ఆరోగ్యంగా ఉన్న పశువుకు రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు పొట్ట పిడికిలిని బయటికి తోస్తుంది. తీగ జబ్బులో ఆ తోపు బాగా తగ్గుతుంది, లేదా అసలే ఉండదు. మూడోది పాలు. నిన్న ఎన్ని లీటర్లు, ఈరోజు ఎన్ని లీటర్లు అన్నది కాగితం మీద రాయండి. మెల్లగా తగ్గిన పాలకూ, ఒక్క పూటలో సగమైన పాలకూ కారణాలు వేరు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

మేత మానడం, పాలు ఒక్కసారిగా పడడం, వంగిన నడుము, కొద్దిపాటి జ్వరం: ఈ నాలుగూ కలిసి కనిపిస్తే తీగ అనుకుని మొదలుపెట్టండి. కాదని తేలితే మంచిదే.

## తీగ కాని జబ్బులు

శ్రావణ అమావాస్య నాటి ఎడ్ల పండుగ పోలా తర్వాత ఎడ్లు మేత మానితే ముందుగా అనుమానించాల్సింది తీగను కాదు, పోళీలను (బొబ్బట్లను). ఏడాదంతా చొప్ప తిన్న ఎద్దుకు ఒక్కరోజులో పూరణం పోళీలు, జొన్నలు, గోధుమలు దండిగా పెడితే పెద్ద పొట్టలో పులుపు పెరిగిపోతుంది. ఈ జబ్బులో పేడ పలచగా, పుల్లటి వాసనతో పడుతుంది. ఎడమ డొక్క నొక్కితే నీళ్లు కదిలిన చప్పుడు వస్తుంది. ఎద్దు తూలుతుంది. ఇదీ ప్రమాదమే, గంటల్లో ముదురుతుంది. దీనికి వైద్యం వేరు. పండుగ రోజు ఏం పెట్టారో దాచకుండా చెప్పండి.

ఈనిన నెలా రెండు నెలల్లో పాలు మెల్లగా తగ్గుతూ, దాణా వద్దని చొప్ప మాత్రం తింటూ, ఊపిరిలో తియ్యటి వాసన వస్తుంటే కీటోసిస్ (ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు) కావచ్చు. తీగ జబ్బులో పశువు దాణా, చొప్ప రెండూ ఒకేసారి మానేస్తుంది.

చాలామంది పొరబడేది గొంతువాపు దగ్గర. వానాకాలంలో గొంతు కింద వాపు కనిపిస్తే అందరి నోటా వచ్చే పేరు అదే. గొంతువాపులో జ్వరం 105, 106 దాకా ఎగబాకుతుంది. వాపు వేడిగా, నొప్పిగా ఉంటుంది. ఊపిరి గురకపెడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, పక్క పశువులకూ సోకుతుంది. తీగ గుండె దాకా పోయిన పశువులోనూ గంగడోలు, రొమ్ము వాస్తాయి. కానీ ఆ వాపు చల్లగా ఉంటుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది, రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది. మెడ పక్కన పెద్ద నరం తాడులా ఉబ్బి నిలుస్తుంది. ఆ నరం కనిపించిందంటే గొంతువాపు మందు కోసం పరిగెత్తకండి, నేరుగా డాక్టరును పిలవండి.

బర్రెల్లో ఇంకొకటుంది. చూడి నిండిన రోజుల్లోనో, ఈనాకనో మాటిమాటికీ కడుపుబ్బరం వచ్చి, మందు వేస్తే తగ్గి, మళ్లీ వస్తుంటే డయాఫ్రమ్ చిరిగి తేనెపట్టు పొట్ట ఛాతీలోకి జారి ఉండొచ్చు. ఆవుల కంటే బర్రెల్లో ఇది ఎక్కువ. పాత తీగ గాయం దీనికి ఒక కారణం. దీనికి పెద్ద ఆసుపత్రి ఆపరేషన్ ఒక్కటే దారి.

## నొప్పి పరీక్షలు

ఇవి డాక్టరు చేసే పరీక్షలు. ఊళ్లో పశువులు చూసే పిల్లలు కూడా నేర్చుకోవచ్చు కానీ ఒక్కసారి చేస్తే చాలు. పదేపదే చేస్తే లోపల అతుక్కుంటున్న గాయం మళ్లీ విడిపోతుంది. నిండు చూడి పశువుకు అసలు చేయకండి.

మొదటిది వీపు గిల్లడం. మెడ ముగిసి వీపు మొదలయ్యే ఎత్తు దగ్గర రెండు చేతులతో చర్మాన్ని గట్టిగా పట్టి పైకి లాగాలి. మామూలు పశువు వెంటనే వీపు కిందికి వంచుతుంది. తీగ ఉన్నది వంచదు, వంచితే నొప్పి కాబట్టి బిగుసుకుని మూలుగుతుంది. లాల్ కంధారి, దేవణి జాతుల్లాంటి మూపురమున్న పశువుల్లో మూపురం వెనక భాగంలో చర్మాన్ని పట్టుకోండి.

రెండోది కర్ర పరీక్ష. నున్నటి వెదురు బొంగును రొమ్ము ఎముక వెనక, పొట్ట కింద అడ్డంగా పెట్టి, ఇద్దరు చెరో పక్క పట్టి మెల్లగా పైకెత్తి ఒక్కసారిగా వదలాలి. మూడో మనిషి గొంతు గొట్టం మీద స్టెతస్కోప్ పెట్టి వినాలి. బయటికి వినపడని చిన్న మూలుగు కూడా అక్కడ తెలుస్తుంది. బొంగు రొమ్ము ఎముక దగ్గర నుంచి బొడ్డు వైపు కొద్దికొద్దిగా జరుపుతూ చూస్తే నొప్పి ఎక్కడుందో తేలుతుంది. ముందుభాగంలో మాత్రమే మూలిగితే తేనెపట్టు పొట్ట మీద అనుమానం గట్టిపడుతుంది.

జబ్బు పాతబడిన పశువులో ఈ మూలుగు ఉండకపోవచ్చు. గాయం చుట్టూ కండ అతుక్కుపోయి నొప్పి తగ్గుతుంది, కానీ మేత మాత్రం కుదురుకోదు. కాబట్టి వారం దాటిన పశువు మూలగలేదని తీగ లేదనుకోకండి.

## ఎవరిని పిలవాలి, ఎక్కడికి తోలాలి

సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ అదే నంబరు. ఎత్తగానే ముందు రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఆ తర్వాత ఊరు చెప్పండి. సరిహద్దులో రెండు వైపులా ఒకే పేరున్న ఊళ్లుంటాయి. పశువు చెవి ట్యాగు మీది 12 అంకెలు ముందే రాసి పెట్టుకోండి.

మహారాష్ట్ర వైపు శ్రేణి-1 దవాఖానలో పశువైద్య డాక్టరు ఉంటాడు. శ్రేణి-2లో ఉండేది పశుధన పర్యవేక్షకుడు. ఆయన తొలి సాయం చేయగలడు కానీ కడుపు కోసే ఆపరేషన్ ఆయన పని కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం అది నమోదైన పశువైద్యుడే చేయాలి. తాలూకా దవాఖానలో కుదరకపోతే నాందేడ్‌లో జిల్లా సర్వచికిత్సాలయం (పెద్ద పశువుల దవాఖాన) ఉంది. దెగ్లూర్ వాళ్లకు లాతూర్ జిల్లా ఉద్గీర్‌లోని పశువైద్య కళాశాల దగ్గర. పర్భణీలోనూ కళాశాల ఉంది. ఈ రెండూ నాగ్‌పూర్ కేంద్రంగా నడిచే మహారాష్ట్ర పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందివే. బంధువులు తెలంగాణ వైపున్నవాళ్లు కోరుట్ల, రాజేంద్రనగర్ కళాశాలలకూ వెళ్లవచ్చు. ఎక్కడికైనా బయలుదేరే ముందు ఫోన్ చేసి సర్జరీ డాక్టరు ఉన్నారా, ఎక్స్‌రే పనిచేస్తోందా అని కనుక్కోండి.

బండి ఎక్కించేటప్పుడు పశువును పడదోసి కాళ్లు కట్టి పొర్లించకండి. పొర్లిస్తే తీగ ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. మట్టిగడ్డ పక్కన వెనక తలుపు ఆనించి నడిపించి ఎక్కించండి. లోపల గడ్డి మందంగా పరచండి. ముందుకాళ్లు ఎత్తులో ఉండేలా నిలబెట్టండి.

## పరికరాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

మెటల్ డిటెక్టర్‌ను ఎడమ మోచేతి వెనక, రొమ్ము కింద తిప్పితే ఇనుము ఉన్నచోట చప్పుడు చేస్తుంది. కానీ ఆరోగ్యంగా మేసే పశువుల్లో చాలావాటి కడుపులో ఎంతో కొంత ఇనుము ఉంటుంది. చప్పుడు వచ్చినంత మాత్రాన ఆ ఇనుమే జబ్బుకు కారణమని కాదు. నొప్పి, జ్వరం, పాలు పడడం, ఆ చప్పుడు కలిసి ఉంటేనే అర్థం.

ఎక్స్‌రే తీగను నేరుగా చూపిస్తుంది. ఎంత పొడవు, ఏ దిక్కు, గోడ లోపలా బయటా అన్నది తెలుస్తుంది. అంత పెద్ద ఛాతీ దాటే శక్తి చిన్న యంత్రానికి ఉండదు కాబట్టి ఇది సాధారణంగా కళాశాలల్లోనే దొరుకుతుంది. అల్ట్రాసౌండ్‌లో తీగ సరిగా కనబడదు. కానీ తేనెపట్టు పొట్ట కదులుతోందా, చుట్టూ చీము గడ్డ ఉందా, గుండె సంచిలో నీరు చేరిందా అన్న మూడూ దానిలో బాగా తెలుస్తాయి. ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చేది ఎక్కువగా ఈ మూడే. వైద్యులు రక్త పరీక్షలో తెల్లకణాలు, ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ చూస్తారు. రెండూ పెరిగితే లోపల చీము పట్టినట్టు అనుమానం.

## మొదటి వైద్యం: అయస్కాంతం, ఎత్తు, మందులు

తొలి రెండు మూడు రోజుల్లో దొరికిన పశువుకు నేరుగా కడుపు కోయాల్సిన పని తరచుగా ఉండదు. మూడు పనులు కలిపి చేస్తారు.

ఒకటి, ముందుకాళ్ల కింద జానెడు ఎత్తు దిమ్మె. మట్టి, ఇసుక సంచులతో చేసి, దాని మీద గోనెసంచి పరిచి, ముందుకాళ్లు దాని మీద ఉండేలా గుంజకు దగ్గరగా కట్టాలి. కడుపు బరువు వెనక్కి జారుతుంది, తీగ ముందుకు పోయే ఒత్తిడి తగ్గుతుంది. పది రోజుల నుంచి మూడు వారాల దాకా అలాగే ఉంచాలి, మేతకు కూడా బయటికి తోలకూడదు. రైతులు మధ్యలో ఆపేసేది ఎక్కువగా ఈ పనే. నాలుగో రోజు మేత పట్టగానే విప్పేస్తారు. అప్పటికి తీగ వెనక్కి రాకపోయి ఉంటే జబ్బు తిరగబెడుతుంది.

రెండు, అయస్కాంతం. పశువుల కోసమే చేసినది నున్నటి మొనలతో, వేలంత పొడవుగా, కొన్ని ప్లాస్టిక్ పంజరంలో బిగించి ఉంటాయి. బిళ్లలు మింగించే పరికరంతో నాలుక మొదటి దాకా పెట్టి వదలాలి. అది తేనెపట్టు పొట్టలోకి చేరి, గోడలోంచి ఇంకా లోపలికి వేలాడుతున్న తీగను పట్టి తన మీదికి లాక్కుంటుంది. జీవితమంతా అక్కడే ఉంటుంది, తీయాల్సిన పని లేదు. ఒక పశువుకు ఒక్కటి చాలు. పాత స్పీకర్లలోంచి ఊడదీసిన రింగు అయస్కాంతాలు వేయకండి. అవి పెళుసు, విరిగితే అంచులు కోసుకుంటాయి. వేసింది సరైన చోట పడిందో లేదో చూడాలంటే దిక్సూచిని ఎడమ మోచేతి వెనక పెట్టండి. ముల్లు తిరిగితే పడినట్టే. ఫోన్‌లోని దిక్సూచీ పనిచేస్తుంది.

అయస్కాంతం చేయలేనివీ ఉన్నాయి. గోడ పూర్తిగా దాటిపోయిన తీగను అది వెనక్కి లాగలేదు. రాగి, అల్యూమినియం తీగలు దానికి అంటుకోవు. ఇప్పుడు కరెంటు పనివాళ్లు పారేసే ముక్కల్లో ఇవే ఎక్కువ.

మూడు, డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్, నొప్పి మందు. రోజులు పూర్తయ్యేదాకా వేయించండి. వేస్తున్నన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజులూ ఆ పాలు సేకరణ కేంద్రానికి పోయకండి, పిల్లలకు తాగించకండి. మేత సగానికి తగ్గించి, మెత్తటి పచ్చిగడ్డి కొద్దికొద్దిగా పెట్టండి.

ఇంత చేశాక మూడు రోజుల్లో నెమరు, మేత తిరిగి రావాలి. రాకపోతే ఇంకో సీసా మందు మార్చి చూద్దామని ఆగకండి. ఆపరేషన్ సంగతి ఆ రోజే మాట్లాడుకోండి.

## ఆపరేషన్ ఎలా జరుగుతుంది

పొట్ట కోస్తారనగానే చాలా ఇళ్లలో ఆడవాళ్లు ముందు కన్నీళ్లు పెట్టుకుంటారు, మగవాళ్లు కసాయి రేటు అడుగుతారు. లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ముందు రోజు మేత ఆపుతారు, సుమారు 24 గంటలు. నీళ్లు కూడా కొన్ని గంటలు ఆపుతారు. పశువును సాధారణంగా పడుకోబెట్టరు. దవాఖాన ఆవరణలో ఇనుప గొట్టాలతో చేసిన ట్రావిస్‌లో నిలబెట్టే చేస్తారు. ఎడమ డొక్క వెంట్రుకలు గీకి, సబ్బుతో, అయోడిన్‌తో మళ్లీ మళ్లీ కడుగుతారు. వెన్నెముక పక్కన నరాల దగ్గరో, కోత చుట్టూనో 2 శాతం లిగ్నోకెయిన్ సూదులు వేస్తారు. పశువు మెలకువగానే ఉంటుంది కానీ డొక్క మొద్దుబారుతుంది. మీరు తల దగ్గర నిలబడి దువ్వుతూ ఉంటే అది నెమ్మదిగా ఉంటుంది. ఆ పని మరొకరికి అప్పగించకండి.

డొక్క మీద నిలువుగా, చెయ్యి మోచేతి పైదాకా పట్టేంత, దాదాపు 20 నుంచి 25 సెంటీమీటర్ల కోత పెడతారు. చర్మం, మూడు పొరల కండ, లోపలి పొర దాటితే పెద్ద పొట్ట కనిపిస్తుంది. దాన్ని తెరిచే ముందు కోత లోపలికి చెయ్యి పెట్టి పొట్టకు బయటి వైపు తడుముతారు. ఏవైనా అతుక్కున్నాయా, చీము గడ్డ ఉందా చూడడానికి. ఆ తర్వాత పొట్ట అంచుల్ని బయటికి లాగి చర్మానికి కుట్టడమో, చట్రానికి తగిలించడమో చేస్తారు. ఈ మెట్టు మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. పొట్టలోని పదార్థం ఒక్క గుప్పెడు కడుపు కుహరంలోకి జారినా చీము పడుతుంది, అప్పుడు తీగ తీసినా లాభం లేదు. డాక్టరు ఈ దశలో ఆలస్యం చేస్తున్నాడని తొందరపెట్టకండి.

పొట్ట తెరిచాక కొంత మేత తీసేసి, చెయ్యి ముందుకు, కిందికి పోనిస్తే తేనెపట్టు పొట్ట తగులుతుంది. గళ్లు వేళ్లకు స్పష్టంగా తెలుస్తాయి. ఒక్కో గడిని తడుముతూ, గోడను వేళ్లతో లోపలికి లాగి చూస్తారు. వదులుగా వచ్చేచోట ఏమీ లేదు. డయాఫ్రమ్‌కు అతుక్కుని రానిచోట తీగ ఉండొచ్చు. దొరికిన తీగను అది దిగిన దారిలోనే వెనక్కి తీయాలి, పక్కకు వంచి లాగితే గాయం పెద్దదవుతుంది. తర్వాత అయస్కాంతంతో అడుగంతా ఊడ్చి మిగిలిన మేకులు, సూదులు తీస్తారు. గోడకు ఆనుకుని చీము గడ్డ ఉంటే దాన్ని పొట్ట లోపలికే చీల్చి వదులుతారు.

ఇదే కోతలోంచి ప్లాస్టిక్ కూడా తీస్తారు. సంతల చుట్టూ, పెళ్లి మండపాల వెనక తిరిగే పశువుల్లో క్యారీబ్యాగులు, తాళ్లు, గోనెసంచుల దారాలు చిక్కుపడి పెద్ద ముద్ద కడతాయి. మహారాష్ట్ర 2018లో ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించింది, కానీ పాత ముద్దలు, కొత్త ముద్దలు పశువుల కడుపుల్లో ఇంకా ఉన్నాయి. ప్లాస్టిక్ ముద్దకు అయస్కాంతం పనికిరాదు, ఏ నాటు మందూ కరిగించదు. మాటిమాటికీ ఉబ్బరం, చిక్కిపోవడం, కడుపు మాత్రం నిండుగా కనిపించడం దాని గుర్తులు.

చివరికి పొట్టను కరిగిపోయే దారంతో రెండు వరసలుగా కుట్టి, కడిగి, చర్మానికి వేసిన పట్టు విప్పి లోపలికి పంపుతారు. కండ, చర్మం విడివిడిగా కుడతారు. ఆరోగ్యంగా ఉన్న పశువు నెమరు రసం దొరికితే మూసే ముందు లోపల పోస్తారు. నెమరు పొట్టలో పనిచేసే క్రిములు దానితో తిరిగి వస్తాయి.

## ఇంటికి తెచ్చాక

మొదటి రోజు కొద్దిపాటి మెత్తటి పచ్చిగడ్డి, గోరువెచ్చటి నీళ్లు. దాణా నాలుగైదు రోజుల తర్వాత, అదీ చారెడుతో మొదలు. రెండు మూడు రోజుల్లో నెమరు పట్టాలి. కుట్ల మీద ఈగలు వాలకుండా మందు రాయండి. పేడ మీద పడుకోకుండా కొట్టంలో పొడి బూడిదో ఇసుకో చల్లండి. పక్క పశువు కుట్లు నాకకుండా విడిగా కట్టండి. చర్మం కుట్లు 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు. జ్వరం మళ్లీ 103 దాటినా, కుట్ల నుంచి చీము కారినా, నెమరు రాకపోయినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ఎద్దయితే కాడి కట్టడానికి కనీసం నెల ఆగండి.

## గుండె సంచిలోకి పోయాక

మెడ నరం ఉబ్బి, గంగడోలు చల్లగా వాచి, గుండె చప్పుడు దూరంగా లేదా నీళ్లు చిలికినట్టు వినిపిస్తే తీగ గుండె సంచికి చేరిందని అర్థం. నాడి నిమిషానికి 100 దాటుతుంది. పక్కటెముక తీసి గుండె సంచి కడిగే ఆపరేషన్ ఉంది, పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు, కానీ బతికి మళ్లీ పాలిచ్చే పశువులు తక్కువ. ఈ మాట రైతుకు ముందే, సూటిగా చెప్పాలి. అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించిన ఇంట్లో పశువూ పోయి, అప్పూ మిగిలితే అది మోయలేని దెబ్బ. నొప్పి తగ్గించే మందుతో కొన్ని రోజులు చూసుకోవాలా, ఆపరేషన్‌కు పోవాలా అన్నది డాక్టరు అల్ట్రాసౌండ్ చూసి చెప్పాక ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి.

## కొట్టంలోకి తీగ రాకుండా

చొప్పను ముక్కలుగా కోసే కుట్టి మిషన్ మేతలోకి ఇనుమును ముక్కలు చేసి పంపే పెద్ద దారి. చొప్ప కట్టలో ఉన్న ఒక్క తీగ మిషన్‌లో పడితే పది మొనలుగా బయటికి వస్తుంది. మిషన్‌లోకి వేసే ముందు చొప్పను విప్పి దులపండి. కుట్టి పడేచోట బలమైన అయస్కాంతాన్ని పట్టీగా బిగించండి. వారానికోసారి దాన్ని తుడిస్తే ఎంత ఇనుము అంటుకుందో మీరే చూస్తారు. సోయాబీన్ పొట్టు, కందిపొట్టు బయటి నుంచి కొంటే గాడిలో పోసే ముందు చేతి అయస్కాంతంతో ఒకసారి కలియబెట్టండి.

ఇల్లు కడుతున్న చోట పశువును కట్టకండి. స్లాబు వేసిన మర్నాడు నేలమీద బైండింగ్ తీగ ముక్కలు చాలా ఉంటాయి. తాడుకు పాత అయస్కాంతం కట్టి ఆవరణంతా ఈడ్చితే ఒక్క పూటలో శుభ్రమవుతుంది. చలికాలం మంటకు టైరు కాల్చితే బూడిదలో మిగిలే సన్నటి ఉక్కు తీగలు గుచ్చుకునేవాటిలో మరీ చెడ్డవి. ఆ బూడిదను కొట్టంలో చల్లడం, పెంటలో కలపడం మానండి. కోసిన టైర్లను గాడిగా వాడే ఇళ్లలో అంచుల్లోంచి తీగలు బయటికి వచ్చాయేమో ప్రతి వారం చేత్తో తడమండి, వస్తే ఆ గాడి మార్చేయండి. బట్టలు కుట్టే ఇళ్లలో సూదులకు డబ్బా పెట్టండి.

మట్టి, ఎముకలు, గుడ్డలు, చెప్పులు నమిలే పశువుకు భాస్వరం, ఇతర ఖనిజాలు తక్కువై ఉండొచ్చు, కడుపులో పురుగులూ ఉండొచ్చు. ఇవే పశువులు ఇనుము కూడా మింగుతాయి. పెద్ద పశువుకు రోజూ 50 గ్రాముల దాకా ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి, డాక్టరు చెప్పిన వేళకు పురుగుల మందు వేయించండి. ఏడాది దాటిన పాడి పడ్డకు, చొప్ప కొని మేపే ప్రతి బర్రెకు ముందుగానే ఒక అయస్కాంతం వేయించి, ఏ తేదీన వేశారో చెవి ట్యాగు నంబరు పక్కన పుస్తకంలో రాయండి. పశువును అమ్మితే కొన్నవాళ్లకు ఆ సంగతి చెప్పండి.